వండని వంటలకు పప్పులు: తక్కువ ధరలో మంచి సరుకు ఎలా కొనాలి?

ప్రశ్న (మియాపూర్, హైదరాబాదు)

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉదయపు ఆహారాన్ని పొయ్యి వెలిగించకుండానే సిద్ధం చేసుకుంటున్నాము. బాదం పాలు, జీడిపప్పు రుబ్బిన చిక్కటి ముద్ద, అక్రోటు, ఖర్జూరం కలిపి దంచిన ఉండలు ఎక్కువగా చేస్తాము. నలుగురికి నెలకు మూడు కిలోల పప్పులు పడుతున్నాయి. పెద్ద దుకాణాల ప్యాకెట్ల ధర మోయలేక ఒక చిన్న కొట్టులో విడిగా కొంటే, అక్రోటు పాత నూనె వాసన వేసి అంతా పారబోయవలసి వచ్చింది. వేయించి మసాలాలో కలిపితే మరుగున పడిపోయే లోపం పచ్చిగా తినేటప్పుడు నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. ఎక్కడ, ఏమి చూసి కొనాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం (పలాస)

అమ్మా, మా కుటుంబం చాలా ఏళ్లుగా జీడిపప్పు ఒలిచి వేరు చేసే పనిలో ఉంది కనుక ఆ ఒక్కదాని గురించి చెబుతాను. ప్యాకెట్ మీద కనిపించే డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే అంకెలు ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, గరిష్ఠంగా ఎన్ని గింజలు తూగుతాయో చెప్పేవే గాని రుచిని చెప్పేవి కావు. ఒలిచేటప్పుడు రెండుగా విడిపోయిన బద్ద కూడా అదే పిక్కలోంచి వచ్చినది. పళ్లెంలో అందంగా కనబడదన్న ఒక్క కారణంతో దాని ధర తగ్గుతుంది. మీరు ఎలాగూ రుబ్బుతారు కాబట్టి నిండు గింజకు డబ్బు పోయనవసరం లేదు. అయితే మరీ చిన్న నూక వద్దు, ఎందుకంటే గాలి తగిలే భాగం ఎక్కువై త్వరగా పాడవుతుంది.

మరొక మాట. పిక్క పెంకులో చర్మాన్ని పొక్కించే జీడి అనే నూనె ఉంటుంది. అందుకే పిక్కలను ఆవిరిలో ఉడికించో కాల్చో పగలగొడతారు. ఆపై పొట్టు ఊడేందుకు పప్పును వేడి గదిలో ఆరబెడతారు. అంటే అంగట్లో దొరికే జీడిపప్పు దాదాపు ఏదీ నిజానికి పచ్చిది కాదు. "పచ్చి" అని రాసి అధిక ధర అడిగితే దయచేసి ఇవ్వకండి.

సమాధానం (మలక్‌పేట, హైదరాబాదు)

మీరు హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి బేగంబజారుకు వెళ్లండి. మేము మూడు కుటుంబాలవారం కలిసి ఒకేసారి కొని పంచుకుంటాము. టోకు ధర అలాగే దక్కుతుంది. దీపావళికి ముందు బహుమతుల గిరాకీ ఉంటుంది గనుక ఆ వారాలలో వెళ్లకండి. బస్తా పైనున్న గింజలు కాకుండా లోపలివి తీయించి, నాలుగైదు కొరికి చూడండి. అక్రోటు లేత రంగులో ఉండి, విరిస్తే పెళుసుగా విరగాలి. ఇంటికి తెచ్చిన వెంటనే గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, ముఖ్యంగా వర్షాకాలంలో. పాలకు మమ్రా అనే ఖరీదైన రకం బాదం అక్కరలేదు, కాలిఫోర్నియా బాదం సరిపోతుంది. ఏ గింజ చేదుగా తగిలినా ఉమ్మివేయండి. చేదు బాదంలో విషపదార్థం ఉంటుంది.

సమాధానం (డల్లాస్, అమెరికా)

కాలిఫోర్నియా బాదం ప్రస్తావన వచ్చింది కనుక ఒక విషయం చేర్చాలి. 2001లోనూ, 2003–04లోనూ పచ్చి బాదం ద్వారా సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా వ్యాపించిన తరువాత, 2007 సెప్టెంబరు నుండి అక్కడి బాదాన్ని పాశ్చరైజ్ చేసి, అంటే క్రిములు చచ్చేలా శుద్ధి చేసి, అమ్మాలన్న నిబంధన వచ్చింది. అందువల్ల ఇక్కడి ప్యాకెట్ మీద పచ్చి అని రాసి ఉన్నా అది ఆవిరి గాని రసాయనం గాని తగిలినదే కావచ్చు. ఈ నిబంధన ఉత్తర అమెరికాలో అమ్మే సరుకుకే పరిమితం, భారతదేశానికి ఎగుమతయ్యేదానికి వర్తించదు. కాబట్టి మీరు బాదాన్ని బాగా కడిగి, ఫ్రిజ్‌లోనే నానబెట్టి, ఆ నీటిని పారబోయడం మంచిది.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే నెల నుండి బద్ద జీడిపప్పే కొంటాను. ఖర్చు ఇంకా తగ్గించడానికి కొంత వేరుశనగ వాడవచ్చునా?

సమాధానం (అనంతపురం)

తప్పక వాడవచ్చును, కాని ఒలిచిన పప్పు కాకుండా కాయలే కొనండి. మేము బుడ్డలంటాము. తడి తగిలిన కాయలలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయానికి హాని చేస్తుంది. నానబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. ఒలిచేటప్పుడు ముడతలు పడినవి, నల్లబడినవి, పచ్చటి బూజు ఉన్నవి నిర్దాక్షిణ్యంగా ఏరి పారవేయండి. కిలోకు గుప్పెడు పోయినా జీడిపప్పు కంటే ఎంతో చవక. పాలకైతే వేరుశనగ కంటే పచ్చి కొబ్బరి మేలు. పిండిన పిప్పిలో ఖర్జూరం, నువ్వులు కలిపితే ఉండలకు పనికొస్తుంది.