నాన్న కారు బానెట్‌పై ప్రైమర్‌లో గుంటలు ఎందుకు?

ప్రశ్న: ఇరవై ఏళ్లనాటి కారు, నాన్నది. పరాయి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. బానెట్‌ను 320 నంబరు ఎమెరీ పేపరుతో రుద్ది ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) కొడితే, ఆరకముందే చేపకళ్లలాంటి గుంటలు పడ్డాయి. వెనుక చక్రం పైఅంచున తుప్పు కూడా ఉంది. ఎక్కడ తప్పాను?

జవాబు 1: పాత పాలిష్‌లోని సిలికాన్ అయి ఉంటుంది. జిడ్డు తీయకుండా రుద్దితే అది గీతల్లోకి దిగుతుంది. నేనూ ఒక తలుపుకు మూడుసార్లు ప్రైమర్ కొట్టాకే ఇది తెలుసుకున్నాను. ప్రైమర్ పూర్తిగా తీసేయండి. సబ్బునీటితో కడిగి ఆరనిచ్చి, జిడ్డు తీసే ద్రావకం రాయండి. అది ఆరేలోపే మరో శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఆ తర్వాతే రుద్దడం.

జవాబు 2: తుప్పును మెరిసే లోహం కనిపించేదాకా 80 నంబరుతో తీయండి. వెంటనే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. లోహం చిల్లులు పడి ఉంటే పుట్టీతో కప్పవద్దు, కొత్త రేకు అతికించాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: పైపూతకు గట్టిపరిచే ద్రవం కలిపే క్లియర్ కోట్ కొన్నాను. మామూలు ముసుగు చాలుతుందా?

జవాబు 1: చాలదు! అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు లేకపోతే ఆ ఒక్క పూతా వర్క్‌షాపులో వేయించండి. మిగతా పనంతా మీ చేతులదే కదా.