లా చదివినవాళ్లు రైల్వే కంపెనీకి అధిపతి కాగలరా?

ప్రశ్న:
హంటర్ హారిసన్ గురించి చదువుతున్నాను. 1960ల్లో మెంఫిస్‌లో వ్యాగన్ల కింద దూరి ఇరుసులకు నూనె పోసే పనిలో చేరిన మనిషి ఇల్లినాయ్ సెంట్రల్, కెనడియన్ నేషనల్, కెనడియన్ పసిఫిక్, సీఎస్‌ఎక్స్ రైల్వే కంపెనీలకు సీఈఓ అయ్యాడు. అమెరికా రైల్వేల్లో పైకి రావాలంటే ఇలా కిందినుంచే రావాలా? నాది లా చదువు. కానీ రైళ్లంటే ప్రాణం.

జవాబు 1:
ఎక్కువమంది ఆపరేషన్స్‌లోంచి, అంటే బండ్లు నడిపించే విభాగంలోంచి, వచ్చినవాళ్లేనండీ. యార్డులో బండి ఎలా కడతారో చూడనివాళ్లకి ఆ కుర్చీ కష్టం.

జవాబు 2:
అలా అనేయకండి. గ్రాహం క్లేటర్ సంగతి చూడండి. హార్వర్డ్‌లో లా చదివి, అమెరికా సుప్రీంకోర్టు జడ్జి బ్రాండైస్ దగ్గర లా క్లర్కుగా చేశాడు. 1963లో సదరన్ రైల్వేలో న్యాయ విభాగం వైస్ ప్రెసిడెంటుగా చేరి, 1967కల్లా ప్రెసిడెంటయ్యాడు. 1971లో ప్యాసింజర్ బండ్లు నడిపే ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ మొదలైనప్పుడు చాలా కంపెనీలు ప్యాసింజర్ బండ్లని దానికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాయి. సదరన్ ఒప్పుకోలేదు. వాషింగ్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్ వెళ్లే సదరన్ క్రెసెంట్‌ని 1979 దాకా సొంతంగానే నడిపింది.

1982లో, 70 ఏళ్ల వయసులో, అదే ఆమ్‌ట్రాక్ పగ్గాలు క్లేటర్ పట్టాడు. రీగన్ ప్రభుత్వం ఆమ్‌ట్రాక్‌కి నిధులే వద్దని బడ్జెట్ పెడితే, కాంగ్రెస్ కమిటీల ముందు కూర్చుని వాదించింది ఈయనే. అక్కడ పనికొచ్చింది లాయరు బుర్రే కదా!

నాకు ఆయన మీద గౌరవం ఇంకో చోట మొదలైంది. 1945 జూలై 30న మునిగిపోయిన అమెరికా యుద్ధనౌక ఇండియానాపొలిస్ నావికులు రోజుల తరబడి సముద్రంలో తేలుతున్నారు. క్లేటర్ కెప్టెన్‌గా ఉన్న సెసిల్ డాయిల్ ఓడ చీకట్లో అటు వెళ్తోంది. జపాన్ సబ్‌మెరైన్లకి కనిపించే ప్రమాదం ఉన్నా సెర్చిలైటు ఆకాశం వైపు వేయించాడు, నీళ్లలో ఉన్నవాళ్లకి సాయం వస్తోందని తెలియాలని. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌లో ఆయన పేరు పెట్టిన హాల్లో బండి కోసం నిలబడ్డప్పుడల్లా నాకు ఆ లైటే గుర్తొస్తుంది.

జవాబు 3:
ఆయన తమ్ముడు రాబర్ట్ కూడా లాయరే. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేకి ప్రెసిడెంటుగా చేశాడు, 611 నంబరు ఆవిరి ఇంజన్ని స్వయంగా నడిపేవాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి ఇప్పుడు ఏ వైపునుంచి మొదలుపెట్టమంటారు?

జవాబు 2:
రైల్వేలని నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు కేసులు చదవండి. పెద్ద రైల్వేలు కలవాలంటే దాని అనుమతి తప్పదు. కెనడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదరన్ విలీనానికి 2023 మార్చిలో ఇచ్చిన తీర్పుతో మొదలుపెట్టండి. అది చదివేటప్పుడు పక్కన రూట్ మ్యాపు పెట్టుకోండి.