పీఈ 6 ఉన్న షేరు చవకా, 38 ఉన్నది ఖరీదా?

ప్రశ్న:
రెండు షేర్ల మధ్య ఎటూ తేల్చుకోలేక ఆగిపోయాను. ఒకటి ఉక్కు కంపెనీ, ధర 240, గత నాలుగు క్వార్టర్ల ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చిన లాభం) కలిపితే 40, అంటే పీఈ (ధరను ఈపీఎస్‌తో భాగిస్తే వచ్చేది) 6. రెండోది సాఫ్ట్‌వేర్ కంపెనీ, పీఈ 38. ఆరేళ్ల లాభంతో పెట్టిన ధర వచ్చేస్తుంది కాబట్టి మొదటిదే చవక అనుకున్నా, కానీ అంత చవకైతే అందరూ ఎందుకు ఎగబడటం లేదని ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1:
లెక్క తప్పు కాదండీ, కానీ ఆ ఆరేళ్లూ ఈపీఎస్ 40 దగ్గరే నిలబడుతుందని మీరు ముందే అనేసుకున్నారు. ఉక్కు రేటు బాగున్న ఏడాది లాభం ఉబ్బిపోతుంది, అది నిలవదని మార్కెట్‌కు తెలుసు కాబట్టి షేరు ధర అంతగా పెరగదు, అందుకే పీఈ తక్కువగా కనిపిస్తుంది. రేటు పడి ఈపీఎస్ 8కి వచ్చిందనుకోండి, షేరు 160కి దిగినా పీఈ 20 అవుతుంది. మీ డబ్బులో మూడో వంతు పోయింది, షేరేమో ఇప్పుడు ముందుకన్నా ఖరీదుగా కనిపిస్తోంది! నేనూ పీఈ 5 చూసి ఒక మెటల్ షేరు కొని, సరిగ్గా లాభాలు శిఖరాన ఉన్నప్పుడు ఇరుక్కున్నాను. ఇలాంటివాటికి మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ కలిసేలా ఏడెనిమిదేళ్ల ఈపీఎస్ సగటు తీసి, దానితో ధరను భాగించండి. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ పేరుతో చెప్పే కేప్ అనే పీఈ వెనక ఉన్నదీ ఈ ఆలోచనే, ద్రవ్యోల్బణం సర్దిన పదేళ్ల లాభాల సగటు. 2009లో అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500 పీఈ వంద దాటింది, షేర్లు పెరిగి కాదు, సంక్షోభంలో కంపెనీల లాభాలు కరిగిపోయి.

జవాబు 2:
పైన చెప్పింది నిజం. ఇంకోటి, ఆ 40లో భూమి అమ్మగా వచ్చిన డబ్బేమైనా ఉందేమో చూడండి. 15 అలా వచ్చిందే అయితే అసలు ఈపీఎస్ 25, పీఈ 9.6. అప్పు ఎంతుందో కూడా చూడాలి, పీఈలో అది నేరుగా కనిపించదు.

జవాబు 3:
38ని చూసి భయపడకండి, అలాగని గుడ్డిగా కొనకండి. లాభం ఏటా 25 శాతం పెరిగితే ఐదేళ్లలో మూడింతలవుతుంది, అప్పుడు మీరు ఇవాళ పెట్టిన ధర ఆనాటి లాభానికి పన్నెండున్నర రెట్లే. 10 శాతమే పెరిగితే మాత్రం ఇంకా 23 పైనే. నేనైతే పీఈని తిరగేసి చూస్తాను: 1ని 38తో భాగిస్తే 2.6 శాతం. ఇవాళ్టి లాభం మీద వచ్చేది ఇంతే, మిగతాదంతా గ్రోత్ మీద నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏముందో మీరే వెతకాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఎనిమిదేళ్ల యాన్యువల్ రిపోర్టులు తీసి చూశాను, ఉక్కు కంపెనీ సగటు ఈపీఎస్ 15, అందులో రెండేళ్లు నష్టమే. అంటే పీఈ 6 అనుకున్నది నిజానికి 16! ప్రస్తుతానికి అది కొనట్లేదు, ఆదివారం కూర్చుని సాఫ్ట్‌వేర్ కంపెనీ పాత గ్రోత్ చూస్తాను.