టీకా వేయించాక పిల్లి మంచం కింద నుంచి రావట్లేదు, తిండి ముట్టట్లేదు

మిరియం వాళ్ళమ్మ · రాత్రి 9.40
మెలకువగా ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త చెప్పండి ప్లీజ్. నాలుగు గంటల నుంచి ఫోన్లో చదువుతూనే ఉన్నా. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు. ఒకరు మామూలే అంటారు, ఇంకొకరు క్షణం ఆలస్యం చేయొద్దంటారు. మా మిరియానికి ఇంజెక్షన్ వేయించాం. ఇంటికొచ్చి క్యారియర్ తలుపు తీయగానే మంచం కిందకి దూరింది, ఇక ఇవతలకి రాలేదు. గిన్నె చప్పుడైతే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి పరిగెత్తుకొచ్చే పిల్లి. గిన్నె దాని ముక్కు దగ్గరికే తోశాను, వాసన చూసి మొహం తిప్పేసుకుంది. చెవులు కాలిపోతున్నాయి. నడుం మీద చెయ్యి వేస్తే బుస్సుమంది. మా ఇంటికొచ్చినప్పటి నుంచీ నా మీద ఒక్కసారి కూడా బుస్సుమనలేదు. డాక్టర్‌గారి ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఏం చేయాలి?

నాలుగు మీసాలు · 9.46
ఏ టీకా? ఎన్నింటికి వేశారు? వయసెంత?

మూడు పిల్లుల ఇల్లు · 9.51
కంగారు పడకండి మేడమ్. మా ఇంట్లో ప్రతిసారీ ఇదే తంతు. పెద్దది ఆ రోజంతా అలమర పైనెక్కి మా అందరికీ వీపు చూపిస్తూ పడుకుంటుంది. చిన్నదేమో అరగంటకే కర్టెన్లు పాకుతుంది. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు మందకొడిగా ఉంటాయి. నిద్ర ఎక్కువ, తిండి తక్కువ, ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, సూది పడ్డ చోట ముట్టుకోనివ్వవు. దాని మానాన దాన్ని వదిలేయండి, బయటికి లాగకండి. నీళ్ళు, లిట్టర్ ట్రే ఆ గదిలోకే జరపండి. వెట్ ఫుడ్ ఉంటే గోరువెచ్చగా చేసి పెట్టండి. పిల్లులకు ఆకలి ముక్కులో ఉంటుంది, వేడికి వాసన లేస్తే ఒక్కోసారి నాకుతాయి.

అంగుళాల టేపు · 9.58
సూది ఎక్కడ వేశారని ఒక్కరూ అడగరేం? అసలు అడగాల్సింది అదే. రెండు భుజాల మధ్య వేసే అలవాటు ఇంకా చాలామంది మానలేదు. సూది వేసిన చోట పిల్లుల్లో అరుదుగా క్యాన్సర్ గడ్డ పుడుతోందని 1991లో అమెరికాలో గుర్తించారు. ఆ తర్వాతే కాళ్ళకు, అదీ మోకాలి కిందుగా వేయమనే పద్ధతి వచ్చింది. కాలికి గడ్డ వస్తే కాలు తీసేసైనా పిల్లిని దక్కించుకోవచ్చు. భుజాల మధ్య వస్తే మొదలంటా కోసి తీయడం మహా కష్టం. రేబిస్‌ది కుడి వెనక కాలికి, లుకేమియా వైరస్‌ది ఎడమ వెనక కాలికి, మూడు జబ్బులకు కలిపి వేసేది కుడి ముందు కాలికి. సూది పడ్డ చోట బఠాణీ గింజంత గట్టిగా తగిలితే భయం లేదు, చాలావరకు రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. కరగకపోతే 3-2-1 లెక్క గుర్తుపెట్టుకోండి. మూడు నెలలు దాటినా ఉందా, 2 సెంటీమీటర్లు మించిందా, వేసి 1 నెల అయ్యాక కూడా పెరుగుతోందా. వీటిలో ఏ ఒక్కటి అవునన్నా ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. నేనైతే టీకా వేయించాక ప్రతి ఆదివారం టేపు పెట్టి కొలిచి రాసుకుంటాను.

నాలుగు మీసాలు · 9.59
ఆవిడ అడిగింది ఈ రాత్రి సంగతి.

అంగుళాల టేపు · 10.01
తెలిసుంటే మంచిదని చెప్పా. కోపమెందుకు.

మాట పట్టింపు · 10.04
ముందు మాటలు సరిచేసుకుందాం. ఇలాంటి నలతను చాలామంది సైడ్ ఎఫెక్ట్ అంటారు, ఇంకొందరు దీన్నే అలర్జీ అనేస్తారు. రెండూ ఒకటి కావు. ఒళ్ళు వెచ్చబడటం, నలత, సూది చోట నొప్పి, ఇవి శరీరం టీకాను గుర్తుపట్టి కదిలిందనడానికి గుర్తు. అంటే టీకా పనిచేస్తోందన్నమాట. దీన్ని దుష్ప్రభావం అనడం దానికి అన్యాయం చేయడమే.

మూడు పిల్లుల ఇల్లు · 10.07
అంటే కర్టెన్లు పాకిన మా చిన్నదానికి టీకా పనిచేయనట్టా?

మాట పట్టింపు · 10.09
అలా అనలేదు. నలత పడకపోయినా పనిచేస్తుంది.

మూడు పిల్లుల ఇల్లు · 10.09
మరి గుర్తెలా అయింది?

మిరియం వాళ్ళమ్మ · 10.12
గడ్డ, క్యాన్సర్ అని చదివాక నా చేతులు వణుకుతున్నాయి. మీరు మాటల గురించి కొట్టుకుంటున్నారు. వేయించింది ఇవాళే కదండీ, మధ్యాహ్నం రెండు దాటాక. ఏ టీకా అంటే పిల్లులన్నిటికీ వేసేదే. కార్డులో రెండు స్టిక్కర్లు అంటించారు, ఒకటి ట్రైక్యాట్, అదే మూడు జబ్బులకు కలిపి వేసేది, ఇంకోటి రేబిస్. దానికి నాలుగు నెలలు నిండాయి. మా బాబుకి జ్వరమొస్తే వేసే సిరప్ ఇంట్లో ఉంది. మా ఆయన రెండు చుక్కలు వేద్దామంటున్నారు. వేయొచ్చా?

నాలుగు మీసాలు · 10.12
వేయొద్దు.

నాలుగు మీసాలు · 10.13
ఇప్పటికే వేశారా?

మిరియం వాళ్ళమ్మ · 10.14
లేదు లేదు. మూత తీశారంతే.

నాలుగు మీసాలు · 10.14
మూత పెట్టేయమనండి.

పాత కాంపౌండర్ · 10.23
అమ్మా, నేను డాక్టర్ని కాదు. జంతువుల డాక్టర్ దగ్గర చాలా ఏళ్ళు కాంపౌండర్‌గా చేశాను. ఆ సిరప్ పారాసెటమాల్ అయ్యుంటుంది. అది మనకు మందు, పిల్లికి విషం. దాన్ని అరగదీసి బయటికి పంపే ఏర్పాటు మన కాలేయంలో ఉంది, పిల్లి కాలేయంలో దాదాపు లేనట్టే. ఆ మందు విషంగా మారి రక్తాన్ని పాడుచేస్తుంది, రక్తం ప్రాణవాయువు మోయలేదు. చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. పెద్ద పిల్లికైనా ఒక్క మాత్ర చాలు ప్రాణం మీదకి రావడానికి. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా సొంతంగా ఇవ్వకూడదు. టీకా తర్వాతి నలత వల్ల పోయిన పిల్లిని నేను చూడలేదు. ఆ నలతకని ఇంట్లో వేసిన మాత్రతో పోయినవాటిని చూశాను.

ఇక మిరియం సంగతి. టార్చి తీసుకుని నేల మీద పడుకుని చూడండి. మొహం ఉబ్బిందా? ముఖ్యంగా కళ్ళ చుట్టూ, మూతి దగ్గర. ఒంటి మీద దద్దుర్లు లేచాయా, అదేపనిగా గోక్కుంటోందా? వాంతులు, విరేచనాలు వరసగా అవుతున్నాయా? నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? నిలబడితే తూలిపోతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, రాత్రి పూట చూసే చోటికి తీసుకెళ్ళండి. ఈ రకం రియాక్షన్ ఎక్కువగా నిమిషాల నుంచి కొద్ది గంటల్లోపే బయటపడుతుంది. మీకు ఎనిమిది గంటలు గడిచాయి, అది మంచిదే. అయినా చూడండి. పై పెదవి ఎత్తితే చిగురు గులాబీరంగులో ఉండాలి. పడుకున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు ఎగిరి దిగుతోందో నిమిషం పాటు లెక్కపెట్టండి. ముప్ఫై లోపు ఉంటే సరే, నలభై దాటితే ఫోన్ చేయాల్సిందే.

మూడు పిల్లుల ఇల్లు · 10.26
ఒకేరోజు రెండు వేశారు కదా, అందుకే ఇంత నలత అయ్యుంటుంది. మేం వేర్వేరు రోజుల్లో వేయిస్తాం.

పాత కాంపౌండర్ · 10.31
కొంత నిజమే. అమెరికాలో 2002 నుంచి 2005 దాకా టీకాలు వేయించుకున్న దాదాపు 5 లక్షల పిల్లుల రికార్డులు తిరగేశారు. నెల రోజుల్లోపు ఏదో ఒక ఇబ్బందని డాక్టర్ రాసింది ప్రతి 10,000 పిల్లులకు 52 దాకా. అందులో ఎక్కువ ఇలా మందకొడిగా పడుండటమే, కొన్నిటికి జ్వరంతో. ఒకేసారి వేసిన టీకాలు పెరిగేకొద్దీ ఇబ్బందీ పెరిగింది. అయితే అది డాక్టర్ దాకా వెళ్ళిన లెక్క. ఇంట్లో మంచం కింద పడుకుని మర్నాటికి లేచినవి అందులో ఉండవు.

మిరియం వాళ్ళమ్మ · 10.44
చూశాను. మొహం మామూలుగానే ఉంది. చిగుళ్ళు గులాబీరంగే, పెదవి ఎత్తుతుంటే నా వేలు కొరకబోయింది. ఊపిరి 26. రెండుసార్లు లెక్కపెట్టా, రెండోసారి 28. వాంతులు లేవు. కళ్ళ మూలల్లో తెల్లగా పొరలాంటిది కనిపిస్తోంది, సగం దాకా వచ్చింది. అదేంటి? చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

నాలుగు మీసాలు · 10.45
మూడో రెప్ప. నలతగా ఉన్నప్పుడు బయటపడుతుంది. చెవులు పట్టుకుని జ్వరం చెప్పలేం.

మూడు పిల్లుల ఇల్లు · 10.48
ఎందుకు చెప్పలేం? నేను చెవి పట్టుకునే చెప్తా, ఎప్పుడూ తప్పలేదు.

నాలుగు మీసాలు · 10.49
థర్మామీటర్‌తో సరిచూశారా ఎప్పుడైనా?

మూడు పిల్లుల ఇల్లు · 10.50
అవసరం రాలేదు.

నాలుగు మీసాలు · 10.50
అందుకే తప్పలేదు.

పాత కాంపౌండర్ · 10.55
పిల్లి ఒళ్ళు మనకంటే వేడి. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దానికి మామూలు, కాబట్టి మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. సరిగ్గా తెలియాలంటే థర్మామీటర్ మలద్వారంలోనే పెట్టాలి. ఈ రాత్రి ఆ పని పెట్టుకోకండి, ఇప్పటికే బెదిరి ఉంది. రేపటికీ ఇలాగే ఉంటే డాక్టరే చూస్తారు.

లెక్క ప్రకారం · 11.02
అసలు ఇన్ని టీకాలు ఎందుకని ఎవరూ అడగరు. పెద్ద పిల్లులకు మూడు జబ్బుల టీకా మూడేళ్ళకోసారి చాలని పెద్ద పెద్ద సంఘాలే చెప్తున్నాయి. ప్రతి ఏడూ పొడిపించి, ప్రతి ఏడూ ఇలా భయపడటం. ఈ నాలుగు నెలల కూనకు నెలకో బూస్టర్! నేనైతే చిన్న పిల్లి కదా, సగం డోసు వేయండని అడుగుతా.

మాట పట్టింపు · 11.06
మూడేళ్ళ మాట ఇంట్లోనే ఉండే పెద్ద పిల్లులకు సరే. కానీ కూనలకు మూడు నాలుగు వారాలకోసారి వేసేవి బూస్టర్లు కావు. తల్లి పాలతో వచ్చిన రక్షణ కూన రక్తంలో ఉన్నంతకాలం అది టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో పోతుందో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. అందుకే పదహారు వారాలు దాటేదాకా వేస్తూ పోతారు, ఏదో ఒకటి పడుతుందని. అది బూస్టర్ కాదు, మళ్ళీ ప్రయత్నం. సగం డోసు అసలు లేదు. టీకా డోసు బరువును బట్టి ఉండదు.

మూడు పిల్లుల ఇల్లు · 11.08
ఈసారి మాత్రం మీ మాట పట్టింపు పనికొచ్చింది.

మిరియం వాళ్ళమ్మ · 11.20
ఇప్పుడే మంచం కింద నుంచి లేచి ట్రేలోకి వెళ్ళొచ్చింది. కుంటుతోంది!! కుడి వెనక కాలు నేలకు ఆనించట్లేదు. క్లినిక్‌లో కుడి వెనక కాలికే ఒక సూది వేశారు, ఇంకోటి ముందు కాలికి. చెప్పడం మర్చిపోయా. దానికి సంబంధం ఉంటుందా?

నాలుగు మీసాలు · 11.21
ఉంటుంది. నడుం మీద చెయ్యేస్తే ఎందుకు బుస్సుమందో కూడా తెలిసింది. ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

అంగుళాల టేపు · 11.24
చూశారా, ఎక్కడ వేశారని నేను 9.58కే అడిగా. ఇంతకీ మీ డాక్టర్ చాలా మంచాయన. కుడి వెనక కాలికి రేబిస్, పద్ధతి ప్రకారం వేశారు. కాలు నొప్పికి ఒకటి రెండు రోజులు కుంటుతుంది. వదలకండి ఆయన్ని.

పాత కాంపౌండర్ · 11.29
ఆ కాలికే అయితే సూది నొప్పే. కూనల్లో ఇంకో రకం కుంటు కూడా ఉంది, ఆ మూడు జబ్బుల్లో ఒకటైన కాలిసి వైరస్ వల్ల వస్తుంది, టీకా తర్వాత కూడా అరుదుగా కనిపిస్తుంది. అప్పుడు జ్వరంతో పాటు ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు కుంటుతాయి. అది కూడా రెండు మూడు రోజుల్లో సర్దుకునేదే, కాకపోతే డాక్టర్‌కి చెప్పాలి. తిండి బలవంతంగా నోట్లో పెట్టకండి. కూన కాబట్టి రేపు పొద్దుటికి కూడా ఏమీ ముట్టకపోతే తీసుకెళ్ళండి. పెద్దదైతే ఒక రోజు చూడొచ్చు, కూనకు ఒంట్లో నిలవ తక్కువ.

మూడు పిల్లుల ఇల్లు · 11.33
మా మధ్యదానికి ఒకసారి ముక్కులో చుక్కలు వేసే రకం వేశారు. నాలుగు రోజులు తుమ్ములే తుమ్ములు. దాని తుమ్ముకి పెద్దది ఉలిక్కిపడి...

లెక్క ప్రకారం · 11.40
టాపిక్ మార్చేశారు. మూడేళ్ళ సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

నాలుగు మీసాలు · 11.41
టాపిక్ మిరియం.

మిరియం వాళ్ళమ్మ · ఉదయం 7.15
రాత్రి రెండింటికి గిన్నె చప్పుడైంది. వెచ్చబెట్టి పెట్టింది సగం తినేసింది. పొద్దున్న మా ఆయన చెప్పు కొరుకుతోంది. కాలు కొంచెం ఎత్తి నడుస్తోంది కానీ నిన్నంత లేదు. డాక్టర్ కూడా ఫోన్ ఎత్తారు, మామూలే అన్నారు, కార్డు మీద రాస్తాను తీసుకురమ్మన్నారు. థాంక్స్ అండీ అందరికీ, బాబుని స్కూలుకి దింపాలి.

పాత కాంపౌండర్ · 7.32
సంతోషం అమ్మా. వచ్చేసారి టీకాకి వెళ్ళినప్పుడు ఈ నలత గురించి సూది వేయకముందే గుర్తుచేయండి.

అంగుళాల టేపు · మూడు వారాల తర్వాత
మిరియం కాలికి గడ్డలాంటిది ఏమైనా తగులుతోందా? కొలిచారా?

మిరియం వాళ్ళమ్మ · మర్నాడు
అయ్యో, చూళ్ళేదండీ. సాయంత్రం చూసి చెప్తా.

అంగుళాల టేపు · ఆ తర్వాతి వారం
చూశారా?