కొత్తగా ఏటీఆర్‌లో చేరుతున్నాను: కాక్‌పిట్ రొదకు ఎలాంటి హెడ్‌సెట్ కొనుక్కోవాలి?

గాజువాక పిల్ల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో గాజువాక. 200 గంటల శిక్షణ పూర్తి చేసి, డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) పరీక్షలన్నీ గట్టెక్కి, కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చాక కూడా రెండేళ్లు ఇంట్లోనే కూర్చున్నాను. ఇప్పుడు ఒక విమానయాన సంస్థలో ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్‌గా ఎంపికయ్యాను. ఏటీఆర్ 72-600 అనే రెండు ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానం మీద టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి అర్హతనిచ్చే శిక్షణ, వచ్చే నెలలో మొదలవుతుంది.

నా సందేహం చెవుల గురించి. శిక్షణలో సెస్నా 172 నడిపినన్నాళ్లూ స్కూలు వారిచ్చిన హెడ్‌సెట్లే వాడేవాళ్లం. వాటి ఇయర్ సీళ్లు (చెవి చుట్టూ ఆనే మెత్తని దిండ్లు) చిరిగిపోయి లోపలి స్పాంజి బయటికి వచ్చి ఉండేది. కొత్తవి వేయించమని ఎన్నిసార్లు అడిగినా ‘చూద్దాం’ అనేవారే తప్ప వేయించింది లేదు. మూడు గంటల క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి మరో ఊరికి శిక్షణ ప్రయాణం) చేసి దిగిన రోజున రాత్రి పడుకునే వరకు చెవుల్లో గుయ్యిమని మోగుతూ ఉండేది, తెల్లారేసరికి తగ్గిపోయేది. అప్పట్లో పట్టించుకోలేదు గాని, ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు పక్కన ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మా నాన్నగారిని చూస్తుంటే ఇప్పుడు భయం వేస్తోంది. మనం మాట్లాడుతున్నామని ఆయనకు తెలుస్తుంది గాని ఏమన్నామో తెలియదు. టీవీ మోత వీధి చివరి వరకు వినబడుతుందని అమ్మ రోజూ గొడవ.

స్నేహితులు మాత్రం లక్ష రూపాయలు దాటే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ లేనిదే ఏటీఆర్ ఎక్కవద్దంటున్నారు. నాన్నగారు అందుకోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేస్తానంటున్నారు. అది నిజంగా అవసరమా? ఇంకొక చిన్న సంగతి కూడా అడుగుతాను, నవ్వకండి. నాకు కళ్లద్దాలు ఉన్నాయి, చెవులకు దుద్దులు కూడా ఉన్నాయి. గంట దాటితే హెడ్‌సెట్ కింద రెండూ గుచ్చుకుంటాయి.

ఏటీఆర్ ఎడమ సీటు (మర్రిపాలెం):

ముందుగా అభినందనలు అమ్మా. డిపాజిట్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దని నాన్నగారితో చెప్పండి. మీ సంస్థ విమానంలోనే హెడ్‌సెట్ ఇస్తుందా, సొంతది తెచ్చుకోనిస్తుందా, తెచ్చుకుంటే ఏ మోడళ్లను ఒప్పుకుంటుంది అన్నది శిక్షణ విభాగాన్ని అడిగి తెలుసుకున్న తరువాతే కొనుగోలు మాట ఎత్తాలి. టీఎస్ఓ సీ139 అనే విమాన ఆడియో పరికరాల ప్రమాణం కింద ఆమోదం ఉన్నవే వాడాలని కొన్ని సంస్థలు పట్టుబడతాయి. సంగీతం వినే మామూలు హెడ్‌ఫోన్‌కు మైకు తగిలించుకొని వచ్చిన కుర్రవాడిని ఒకసారి గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపించాము. ప్లగ్గు సంగతి కూడా అడగండి. సెస్నాలో మీరు వాడినవి లావుదొకటి, సన్నదొకటి, రెండు ప్లగ్గులు. ఎయిర్‌బస్‌లో అయిదు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ రకం ప్లగ్గు ఒక్కటే ఉంటుంది. రేపు సంస్థలో మిమ్మల్ని ఎయిర్‌బస్‌కు మారిస్తే ఇప్పుడు కొన్నదానికి అడాప్టర్ వెతుక్కోవలసి వస్తుంది.

ఇక రొద విషయానికి వస్తే, అది ఏ రకం రొద అన్నది తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఏటీఆర్ 72-600 ప్రొపెల్లర్‌కు ఆరు రెక్కలు. టేకాఫ్‌లో అది నిమిషానికి 1,200 సార్లు తిరుగుతుంది. క్రూయిజ్‌లో, అంటే పైకి చేరి నిలకడగా ఎగిరేటప్పుడు, దాన్ని 82 శాతానికి తగ్గిస్తాము కాబట్టి సెకనుకు దాదాపు 98 సార్లు ఒక రెక్క విమానం పక్కగా గాలిని కొడుతుంది. మీరు వినబోయే ఆ బొంగురు హోరు అదే. సెస్నాలో రెండు రెక్కలు 2,400 చుట్లు తిరిగితే అది 80 దగ్గర ఉండేది. మీ స్నేహితులు చెప్పిన నాయిస్ క్యాన్సిలింగ్, అంటే యాక్టివ్ నాయిస్ రిడక్షన్, బాగా పనిచేసేది ఇటువంటి తక్కువ పౌనఃపున్యాల మీదనే. ఇయర్ కప్పు లోపల ఉన్న చిన్న మైకు వచ్చిన శబ్దాన్ని పట్టుకుంటుంది, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకరు వెంటనే పుట్టిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. కాని 1,000 హెర్ట్జ్ దాటిన సన్నని చప్పుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ విద్య పెద్దగా పారదు, అక్కడ కాపాడేది చెవి చుట్టూ బిగుసుకొని కూర్చున్న సీలు మాత్రమే. అందుచేత సీలు చిరిగిన లక్ష రూపాయల హెడ్‌సెట్ కంటే, దానిలో మూడోవంతు ధరకు దొరికే, సీలు బాగున్న మామూలు హెడ్‌సెట్ మేలని నేను నమ్ముతాను. మీ స్కూలు వారి హెడ్‌సెట్‌లో లోపించింది కూడా ఈ సీలే. మన ఊరి ఉక్కపోతకు, చెమటకు ఆ సీళ్లు జిగటగా మారి పెచ్చులూడిపోతాయి. నేను ఏడాదికొకసారి మారుస్తాను, ఇంట్లో కూర్చొని అయిదు నిమిషాల్లో చేసుకోగల పని.

అయినా మీరు భయపడుతున్నంత రొద ఏటీఆర్ కాక్‌పిట్‌లో ఉండదు. ప్రొపెల్లర్లు మనకు బాగా వెనుక, ప్రయాణికుల పక్కన తిరుగుతాయి. వారికీ మనకూ మధ్య సామాన్ల గది కూడా ఉంటుంది. అసలు ప్రమాదం నేల మీద ఉంది. ఏటీఆర్‌కు ఏపీయూ, అంటే నేల మీద కరెంటు ఇచ్చే చిన్న సహాయక ఇంజను, ఉండదు. బయటి కరెంటు అందని చోట కుడి ఇంజనునే ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి నడుపుతాము, దాన్ని హోటల్ మోడ్ అంటారు. సరిగ్గా ఆ సమయంలో టార్చి పట్టుకొని విమానం చుట్టూ తనిఖీగా తిరిగే వాక్ అరౌండ్‌కు వెళ్లేది తరచుగా ఫస్ట్ ఆఫీసరే. ఆ పది నిమిషాలు చెవులు ఖాళీగా వదిలేసి, తరువాత కాక్‌పిట్‌లో లక్ష రూపాయలది పెట్టుకొని ఏమి లాభం? రిఫ్లెక్టివ్ జాకెట్ జేబులో ఎప్పుడూ రెండు జతల స్పాంజి ఇయర్ ప్లగ్గులు ఉంచుకోండి.

ఏ320 కుడి సీటు:

పెద్దాయన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, జెట్‌లో చేరేవారు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. మా కాక్‌పిట్‌లో ప్రొపెల్లర్ హోరు లేదు. విండ్‌షీల్డ్ మీద గాలి రాసుకొనే చప్పుడు, ఏసీ గాలి, పరికరాలను చల్లబరిచే ఫ్యాన్లు, అంతే. అందుకని చెవిని పూర్తిగా మూసే బరువైన హెడ్‌సెట్ కంటే, చెవి మీద ఆనేదో చెవిలో పెట్టుకొనేదో అయిన తేలికరకం మాకు సరిపోతుంది. నాలుగు సెక్టార్లు (నాలుగు ప్రయాణాలు) ఎగిరే రోజున తల మీద వంద గ్రాములు తగ్గినా సాయంత్రానికి మెడకు తెలుస్తుంది. పక్క సీటులోని కెప్టెన్ మాట నేరుగా వినడానికి చాలామంది ఒక చెవిని వదిలేస్తారు, నేనూ అదే చేస్తాను, ఇప్పటివరకు ఇబ్బంది రాలేదు.

ఏటీఆర్ ఎడమ సీటు:

ఇబ్బంది ఇప్పటివరకు రాలేదన్నారు, నాకు పన్నెండేళ్ల తరువాత వచ్చింది. వదిలేసిన చెవిలోకి రొద పోతూ ఉంటుంది గనుక మూసిన చెవిలో రేడియోను మనకు తెలియకుండానే పెంచుతాము. ల్యాండ్ అయ్యాక వాల్యూమ్ బటన్ ఎక్కడ ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మంచి హెడ్‌సెట్ వల్ల కలిగే అసలు ప్రయోజనం వాల్యూమ్ తగ్గించుకోగలగడమే. పక్కవారి మాట కోసం చెవి విప్పడం కంటే ఇంటర్‌ఫోన్ వాడటం అలవాటు చేసుకోండి. ట్రాన్సిషన్ లెవెల్ అనే నిర్ణీత ఎత్తుకు కింద, నోటి ముందు నిలిచే బూమ్ మైకుతో గాని గొంతు మైకుతో గాని మాట్లాడాలని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నియమం ఉండనే ఉంది.

చెవి డాక్టరు (మహారాణిపేట):

నేను విమానం నడపను, కాని ఇక్కడ షిప్‌యార్డు, పోర్టు, ఉక్కు కర్మాగారాల నుంచి వచ్చే చెవులను రోజూ చూస్తాను కాబట్టి ఆ పక్క నుంచి చెబుతాను. డెసిబెల్ కొలమానం మామూలు కూడికల లెక్క కాదు. 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు గడపవచ్చు అనుకుంటే, 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 94 వద్ద ఒక్క గంట మాత్రమే అదే మోతాదు అవుతుంది. మూడు డెసిబెల్స్ తగ్గించగలిగితే చెవికి సగం భారం తీసేసినట్టే. మీకు రాత్రి వరకు గుయ్యిమని మోగి తెల్లారేసరికి తగ్గిందంటే, లోపలి చెవిలోని సున్నితమైన కేశకణాలు అలసిపోయి తేరుకున్నాయన్నమాట. ఇది ఏళ్ల తరబడి జరిగితే వాటిలో కొన్ని తేరుకోవు, మళ్లీ పుట్టవు కూడా.

రొద వల్ల కలిగే నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. స, ష, ఫ, త వంటి హల్లులను గుర్తుపట్టడానికి కావలసినది ఆ పై భాగమే, అచ్చులు మాత్రం కింది భాగంలో బలంగా వినబడుతూనే ఉంటాయి. మీ నాన్నగారికి మాట వినబడి అర్థం తెలియకపోవడానికి కారణం బహుశా ఇదే, వీలైతే ఆయనను కూడా పరీక్షకు తీసుకురండి. ఇక్కడ మీరు గమనించవలసిన మెలిక ఒకటి ఉంది. వాణిజ్య పైలట్లకు చేసే క్లాస్ 1 మెడికల్‌కు ఐకావో పెట్టిన ప్రమాణం 500, 1,000, 2,000 హెర్ట్జ్ వద్ద 35 డెసిబెల్స్, 3,000 వద్ద 50 డెసిబెల్స్ మించి నష్టం ఉండరాదని చెబుతుంది. 4,000 ఆ లెక్కలో లేదు. కాబట్టి మెడికల్ పాసయ్యారని చెవి చెక్కుచెదరలేదని అనుకోకూడదు. ఉద్యోగంలో చేరే ముందే 8,000 హెర్ట్జ్ వరకు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత) తీయించుకొని కాగితం భద్రపరచండి. అయిదేళ్ల తరువాత దేనితో పోల్చాలన్న ప్రశ్న రాకుండా ఉంటుంది. పరీక్షకు ముందు ఒక రోజంతా రొదకు దూరంగా ఉండండి.

స్పాంజి ప్లగ్గును చాలామంది చెవి గుమ్మంలో తగిలించి వదిలేస్తారు, దానివల్ల ఉపయోగం లేదు. వేళ్ల మధ్య సన్నని వత్తిలా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేవరకు అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోవాలి. సరిగ్గా పడితే మీ గొంతు మీకే కుండలో నుంచి వచ్చినట్టు వినబడుతుంది.

డేగా మాజీ (కంచరపాలెం):

నౌకాదళంలో ఉద్యోగమంతా విమానాల దగ్గరే గడిచింది. బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ 142ను మీరు చూసే ఉంటారు. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. దాని పక్కన నిలబడినవారికి ఏటీఆర్ గుడి గంటలా వినబడుతుంది. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి మైకు. బూమ్ మైకు పెదవుల మూలకు తగిలీ తగలనట్టు ఉండాలి, సందు ఎక్కువైతే అది మీ గొంతుకు బదులు కాక్‌పిట్ రొదను కంట్రోలర్‌కు పంపిస్తుంది. అటువైపు వారికి వినబడక, వారు మళ్లీ చెప్పమని అడిగి, మీరు కంగారుపడి గొంతు పెంచి, అక్కడి నుంచి అంతా చెడిపోతుంది.

రేడియోలో అయిదును ఫైఫ్ అని, తొమ్మిదిని నైనర్ అని పలికించడం కూడా రొదలో ఒక అంకె మరొక అంకెగా వినబడకూడదనే. కొత్తవారు సీనియర్ ఏమనుకుంటారో అన్న మొహమాటంతో సగం విన్న క్లియరెన్సును, అంటే కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని, ఊహతో పూరించి తిరిగి చెబుతూ రీడ్‌బ్యాక్ చేసేస్తారు. అలా మాత్రం చేయవద్దు తల్లీ. ‘సే అగైన్’ అనడానికి సిగ్గుపడవలసిన పనిలేదు, పక్కనున్న కెప్టెన్‌కు కూడా సరిగ్గా వినబడి ఉండకపోవచ్చు.

ఏటీఆర్ ఎడమ సీటు:

దుద్దుల సంగతి మరిచిపోయాను. నాతో ఎగిరే అమ్మాయిలు డ్యూటీలో వాటిని తీసి చిన్న డబ్బాలో పెట్టుకుంటారు. ఇంట్లో నాయనమ్మలు ఒప్పుకోకపోతే చెవికి అంటుకొని ఉండే బల్లపరుపు రకం ఎంచుకోండి. కళ్లద్దాలకు మాత్రం ఖర్చు పెట్టండి. లావు ప్లాస్టిక్ కాడ సీలును ఎత్తిపట్టి సందు చేస్తుంది, ఆ సందులో నుంచి వచ్చేదంతా రొదే. సన్నని లోహపు కాడలున్న, చెవి వెనుక ఎక్కువగా వంపు తిరగని ఫ్రేము చేయించుకోండి. జడను పైకి చుట్టి కొప్పు పెడితే హెడ్‌బ్యాండ్ జారుతుంది, కిందికి వేసుకోవడం మేలు.

గాజువాక పిల్ల:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నాన్నగారిని వెంటబెట్టుకొని వెళ్లి ఇద్దరం ఆడియోగ్రామ్ తీయించుకున్నాము. నాకు రెండు చెవులూ బాగానే ఉన్నాయి, ఎడమ చెవిలో మాత్రం 4,000 వద్ద గీత కొంచెం కిందికి దిగింది. నాన్నగారి కాగితంలో అదే చోట లోయలా పడిపోయింది, వినికిడి యంత్రం పెట్టి చూద్దామన్నారు. శిక్షణ విభాగానికి ప్లగ్గు గురించి, ఆమోదించిన మోడళ్ల గురించి మెయిలు పెట్టాను, జవాబు రావలసి ఉంది. డిపాజిట్ అలాగే ఉంది. దానికంటే ముందు నాన్నగారి యంత్రానికి డబ్బు తీయాలని అమ్మ అంటోంది. ఇప్పటికి సన్న కాడల ఫ్రేముకు ఆర్డరిచ్చి, స్పాంజి ప్లగ్గుల డబ్బా ఒకటి కొన్నాను.