‘లీవ్ ఫ్రమ్’ అని రాస్తే తప్పేనా?

హన్మకొండ అమ్మ: మా పాప తొమ్మిదో తరగతి. పరీక్షలో ‘ద బస్ లీవ్స్ ఫ్రమ్ హన్మకొండ ఎట్ సిక్స్’ అని రాసింది. టీచర్ ‘ఫ్రమ్’ కొట్టేసి మార్కు తీసేశారు. లీవ్ పక్కన ఫ్రమ్ రానే రాదట. పాప ఇంటికొచ్చి ఏడ్చింది. నిజంగా తప్పా?

నర్సంపేట మాస్టారు: అమ్మా, టీచరు గారి బాధ నాకు తెలుసు. ‘ఐ లెఫ్ట్ ఫ్రమ్ వరంగల్’ అన్నది నేను రోజూ దిద్దే తప్పు. మనం ‘వరంగల్ నుంచి బయలుదేరాను’ అంటాం కదా, ఆ ‘నుంచి’ని పిల్లలు ఫ్రమ్ చేసేస్తారు. లీవ్ అంటే విడిచిపెట్టడం. వరంగల్‌ను విడిచాను, అంతే. ఫ్రమ్ కావాలంటే డిపార్ట్ వాడాలి.

కాజీపేట పాఠకుడు: మాస్టారూ, మీరు చెప్పింది సగం రూలే. బండి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఎక్కాలో చెప్పేటప్పుడు లీవ్ ఫ్రమ్ సరైన ఇంగ్లిషే. ‘ద ట్రెయిన్ లీవ్స్ ఫ్రమ్ ప్లాట్‌ఫామ్ టూ.’ పాప రాసిన వాక్యం కూడా అలాంటిదే, ఆ మార్కు ఇవ్వాల్సిందే. అమెరికన్ ఇంగ్లిష్‌లో డిపార్ట్ పక్కన ఫ్రమ్ లేకుండా కూడా రాస్తారు.

నిజంగా దిద్దాల్సింది ‘లీవ్ టు హైదరాబాద్’. ‘హైదరాబాద్‌కు’లోని ‘కు’ని చూసి టు పెట్టేస్తాం. అక్కడ ఫర్ రావాలి. ఆ ఫర్ కూడా మరిచిపోయి ‘లెఫ్ట్ హైదరాబాద్’ అని మెసేజ్ పెడితే ప్రయాణమే తిరగబడుతుంది. మనిషి ఇక్కడి నుంచి అటు పోతుంటే, అటునుంచి ఇటు వస్తున్నాడనుకుని ఇంట్లో అన్నం వండి కూర్చుంటారు!

పరకాల అక్క: డిపార్ట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ‘ద డిపార్టెడ్’ అంటే చనిపోయినవాళ్లు. మన దగ్గర ‘పోయిండు’కు కూడా ఆ అర్థం ఉంది. అందుకే గడప దాటేటప్పుడు ‘పోతున్న’ అంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు, ‘పోయొస్త’ అనాల్సిందే. ఇంగ్లిష్‌లో ‘ఐయామ్ లీవింగ్’ అని ఊరుకుంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

నర్సంపేట మాస్టారు: ప్లాట్‌ఫామ్ ఉదాహరణ ఒప్పుకుంటున్నాను, పాపకు మార్కు ఇవ్వాలి. కానీ ‘ఐ లెఫ్ట్ ఫ్రమ్ వరంగల్’ను మాత్రం నా క్లాసులో వదలను. మొదట్లో పిల్లలకు ఒక్క రూలు గట్టిగా పడాలి.

కాజీపేట పాఠకుడు: మరి ‘రైలు కాజీపేటలో ఎక్కావా, వరంగల్‌లోనా?’ అని ఎవరైనా అడిగితే మీ పిల్లలు ఏమని చెప్పాలి సార్?