మొటిమల గుంటలకు గ్లైకోలిక్ పీల్ మంచిదా, టీసీఏ క్రాస్ మంచిదా?

ప్రశ్న (కొత్త సభ్యుడు)

మొటిమలు పూర్తిగా తగ్గాయి, మచ్చలు మిగిలాయి. బుగ్గల మీద సూదితో పొడిచినట్టు సన్నటి లోతైన గుంటలు, దవడ వైపు ఎత్తుపల్లాలు, మధ్యలో నల్ల మచ్చలు. నాది చామనఛాయ. ఒక డాక్టరు గ్లైకోలిక్ పీల్ (ఆ యాసిడ్ పూసి చర్మం పై పొరను ఊడదీయడం) ఆరు సిట్టింగులు చేయించుకోమన్నారు, ఇంకో డాక్టరు టీసీఏ క్రాస్ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌ని ఒక్కో గుంటలో పెట్టడం) అన్నారు. దేనికి ఏది పనికొస్తుంది? 50% టీసీఏ సీసాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి, ఇంట్లో చేసుకోవచ్చా?

చర్మరేఖ

చివరి ప్రశ్నకి ముందు జవాబు: వద్దండీ. ఎందుకో కింద ఎవరైనా వివరంగా రాస్తారు.

మీరు రాసినవి మూడు వేర్వేరు సమస్యలు. నల్ల మచ్చలు అసలు గుంటలు కావు, అక్కడ రంగు మాత్రమే పేరుకుంది. వాటికి గ్లైకోలిక్ సరిపోతుంది. సన్నటి లోతైనవి ఐస్‌పిక్ గుంటలు. సాధారణంగా 2 మి.మీ. కన్నా తక్కువ వెడల్పు, లోతు మాత్రం చర్మం అడుగు పొరల దాకా. పై పొరను మాత్రమే ఊడదీసే పీల్ ఎన్నిసార్లు చేసినా వాటి అడుగుకి చేరదు. దవడ వైపు ఎత్తుపల్లాలు చర్మాన్ని అడుగు నుంచి పోగులు కిందకి లాగిపెట్టడం వల్ల వస్తాయి. వాటిని ఏ యాసిడ్డూ వదిలించలేదు, సూదితో ఆ పోగుల్ని తెంపే సబ్‌సిషన్ చేయాలి.

తేల్చుకోవడానికి లైటు పక్కనుంచి పడేలా అద్దం ముందు కూర్చోండి, రెండు వేళ్లతో చర్మాన్ని సాగదీయండి. సాగదీస్తే మాయమయ్యేవి లాగుడు వల్ల వచ్చినవి. సాగదీసినా చుక్కలా మిగిలేవి ఐస్‌పిక్. నీడ ఏమీ పడకుండా రంగు మాత్రమే కనిపిస్తే అది మచ్చే.

పీల్‌గది

క్రాస్ గురించి. 2002లో కొరియా డాక్టర్లు 65%, 100% టీసీఏతో దీన్ని ప్రచురించారు. ముఖమంతా పూసే పీల్ కాదిది. గుంట లోపల మాత్రమే యాసిడ్ పెడతారు, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని ముట్టుకోరు. అందుకే అంత ఘాటు యాసిడ్ వాడినా తొందరగా మానుతుంది.

ముందు స్పిరిట్‌తోనో ఎసిటోన్‌తోనో జిడ్డు తీస్తారు. చర్మాన్ని సాగదీసి, మొన చెక్కిన చెక్క టూత్‌పిక్‌ని యాసిడ్‌లో ముంచి, అదనంగా పట్టింది తుడిచేసి, గుంట అడుగున గట్టిగా అదుముతారు. కొన్ని సెకన్లలో ఆ చుక్క తెల్లబడుతుంది. ప్రోటీన్ గడ్డకట్టిందని దానర్థం, పని అయినట్టే. ఆ తర్వాత చిన్న చెక్కు కట్టి, వారం లోపు దానంతట అది రాలిపోతుంది. గిల్లితే మచ్చ ఖాయం. వాజెలిన్ పల్చగా రాసి వదిలేయాలి. లోపల కొల్లాజెన్ (చర్మాన్ని నిలబెట్టే ప్రోటీన్) పెరిగి గుంట పైకి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి సిట్టింగుల మధ్య 4 నుంచి 6 వారాలు ఆగుతారు. మామూలుగా 3 నుంచి 6 సిట్టింగులు కావాలి. గుంట పూర్తిగా పూడదు, లోతు తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పని చోట చేయించుకోకండి.

చెడేది ఎక్కువగా యాసిడ్ గుంట అంచు దాటినప్పుడే. టూత్‌పిక్‌కి యాసిడ్ ఎక్కువ పట్టి బయటికి కారితే గుంట ఇంకా వెడల్పవుతుంది, లేదా చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. ఆ వలయం ఒక్కోసారి శాశ్వతం. దవడ వైపు ఎత్తుపల్లాలకి యాసిడ్‌ని పట్టి ఉంచే సన్నటి గుంట లేదు కాబట్టి, వాటి మీద క్రాస్ పెట్టించుకోవద్దని చెప్పేది ఇందుకే.

ఇక సీసాల సంగతి. టీసీఏ శాతం అంటే 100 మి.లీ. ద్రావణంలో ఎన్ని గ్రాములు అని లెక్క. ముదురు ద్రావణానికి సగానికి సగం నీళ్లు కలిపి 50% అని రాసేవాళ్లుంటారు, అది అసలు 50 కన్నా ఘాటుగా ఉండొచ్చు. లేబుల్ చూసి అది తెలియదు. పైగా తెల్లబడ్డాక వంటసోడా రాసినా ప్రయోజనం లేదు, అప్పటికే ప్రోటీన్‌తో కలిసిపోయింది. గ్లైకోలిక్ సంగతి వేరు. దాన్ని టైము చూసి సోడియం బైకార్బొనేట్‌తో ఆపాలి, ఆపకపోతే లోపలికి దిగుతూనే ఉంటుంది. కంట్లో పడితే ఏ యాసిడ్ అయినా వెంటనే సెలైన్‌తోనో నీళ్లతోనో ఆగకుండా కడగాలి, ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి.

కొత్త సభ్యుడు

చాలా స్పష్టంగా ఉంది, థ్యాంక్స్. నల్ల మచ్చలు ముందా, గుంటలు ముందా? మొటిమలకి వాడిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఆపి రెండు నెలలే అయింది.

నీడపట్టు

రంగు సంగతి ముందు చూసుకోండి. చామనఛాయలో యాసిడ్ తగిలిన చోట నల్లబడడమే పెద్ద తలనొప్పి. దాన్ని తగ్గించేది పీల్‌కి ముందు చేసే ప్రైమింగ్. 2 నుంచి 4 వారాలు రాత్రిపూట 0.025% ట్రెటినాయిన్ క్రీము, డాక్టరు చెప్తే దానితోపాటు నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్, పగలు ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్. పీల్‌కి కొన్ని రోజుల ముందు ట్రెటినాయిన్ ఆపేయాలి, లేకపోతే యాసిడ్ అనుకున్న దానికన్నా లోతుకి పోతుంది. ఆ రోజుల్లో షేవింగ్, వ్యాక్సింగ్, స్క్రబ్ కూడా వద్దు. సన్‌స్క్రీన్ సరిగ్గా రాసుకోలేకపోతే పీల్ మొదలుపెట్టకపోవడమే మేలు.

నల్ల మచ్చలకి గ్లైకోలిక్ 35%తో మొదలుపెట్టి, రెండు మూడు వారాలకొకసారి, ఓర్చుకుంటే 50కి, 70కి పెంచుతారు. శాతంతోపాటు పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె) ఎంతో అడగండి. పీహెచ్ తక్కువైతే అదే 70% చాలా ఘాటుగా పనిచేస్తుంది. మొటిమలు ఇంకా వచ్చే జిడ్డు చర్మానికైతే 20 నుంచి 30% శాలిసిలిక్ నయం, నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగుతుంది.

ఐసోట్రెటినాయిన్ ఆపిన రెండు నెలలకే పైపై పీల్స్ చేయడానికి ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ముఖమంతా మీడియం, డీప్ పీల్ (ఇంకా లోతు పొరల దాకా పోయేవి) అంటే మాత్రం ఆరు నెలలు ఆగమనే చెప్తారు. క్రాస్ ఎప్పుడన్నది మీ డాక్టరుతో తేల్చుకోండి. మందు ఎప్పుడు ఆపారో తేదీతో సహా చెప్పండి. గతంలో మూతి చుట్టూ హెర్పిస్ పొక్కులు వచ్చాయా, ఉబ్బిన మచ్చలు పడే గుణం ఉందా అన్నదీ దాచకండి. హెర్పిస్ ఉంటే ముందే ఎసైక్లోవిర్ లాంటి వైరస్ మందు మొదలుపెడతారు.

ఫినాల్ అనే మందుతో చేసే డీప్ పీల్ ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. గుండె లయ తప్పే ప్రమాదం ఉండడంతో మానిటర్ పెట్టి చేయాల్సినది అది, పైగా మన రంగు చర్మాన్ని శాశ్వతంగా తెల్లబరుస్తుంది.

చర్మరేఖ

ఒక్కటి కలుపుతాను. క్రాస్‌కి ముందు, మూడు నెలల తర్వాత, అదే లైటు కింద, అదే కోణంలో ఫొటోలు తీయించుకోండి. చెక్కు రాలగానే ఎర్రగా, ఇంకా లోతుగా కనిపిస్తుంది. అప్పుడే ఫలితం తేల్చేసి రెండో సిట్టింగు మానేసేవాళ్లు చాలామంది.